కుటుంబ మధ్యవర్తిత్వంలో మాట, మతం, ఊరు, ఆచారం: విశాఖలో మన అనుభవాలు

మద్దిలపాలెం మధ్యవర్తి · సోమవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. 40 గంటల శిక్షణ పూర్తి చేసి కుటుంబ తగాదాల్లో మధ్యవర్తిగా కూర్చోవడం మొదలుపెట్టి ఐదేళ్లయింది. ఈ మధ్య జరిగిన ఒక సమావేశం నన్ను వదలడం లేదు. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి ఇక్కడ రాస్తున్నాను.

భార్యది శ్రీకాకుళం వైపు పల్లె. భర్త కుటుంబం గుంటూరు ప్రాంతం నుంచి వచ్చి మధురవాడలో స్థిరపడింది. వారికి నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు. వేరు కాపురం పెడితే తిరిగి వెళ్లడానికి ఇష్టమేనా అని ఆమెను అడిగినప్పుడు, "మా బాబు ఒప్పుకోడు" అని జవాబిచ్చింది. నేను కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని. బాబు అంటే నా చెవికి కొడుకే. పిల్లవాడికి తండ్రి అంటే భయం ఉన్నదేమోనని అనుకుని, ఆ భయాన్ని ఎలా పోగొట్టాలో దాదాపు అరగంట సేపు ఇద్దరితోనూ మాట్లాడాను. ఆమె తల వంచుకుని వింటూ కూర్చున్నదే గాని ఒక్క మాటా అనలేదు. చివరికి బయట బల్ల మీద ఉన్న ఆమె మేనత్త లోపలికి వచ్చి, "బాబంటే దాని తండ్రమ్మా" అని చెప్పవలసి వచ్చింది. ఆ తండ్రి పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదని, ఆ సంగతి తేలేవరకు కూతురిని పంపనని పట్టుబట్టాడని అప్పుడు తెలిసింది. ముడి పడిన చోటు ఒకటైతే నేను విప్పడానికి కూర్చున్న చోటు మరొకటి.

ఆ రోజే ఇంకొకటి కూడా జరిగింది. ఆ అమ్మాయి తల్లి, "మా గుంటని ఎన్నెన్ని మాటలన్నారో" అని కన్నీళ్లు పెట్టుకుంటే, అత్తగారు ఆ మాటకు ముఖం చిట్లించి, "కన్నకూతురిని గుంట అని పిలిచేవాళ్లతో మనమేం మాట్లాడతాం" అని భర్తతో అన్నారు. ఉత్తరాంధ్రలో గుంట అన్నది ఆడపిల్లను ప్రేమగా పిలిచే పిలుపే. ఆ ఇంట్లో ఆరేళ్లుగా ఈ మాట మీద ఎన్ని చిన్నబుచ్చుకోవడాలు జరిగి ఉంటాయో ఊహించగలను. అందరమూ తెలుగువాళ్లమే, అందరమూ తెలుగే మాట్లాడాము, అయినా ఆ గదిలో ఒకరి మాట ఒకరికి చేరలేదు.

ఒకే జిల్లా కోర్టు పరిధిలో ఇన్ని ఊళ్లవారు, ఇన్ని మతాలవారు, ఇన్ని వృత్తులవారు ఉన్న నగరంలో, మొదటి ఉమ్మడి సమావేశానికి ముందే ఈ తేడాలను తెలుసుకోవడానికి మీరు ఏం చేస్తున్నారు? అనుభవం ఉన్నవారు దయచేసి రాయండి.

డాబాగార్డెన్స్ వకీలు · సోమవారం, రాత్రి 10.02

మధ్యవర్తి గారూ, పొరపాటును దాచకుండా రాసినందుకు అభినందనలు. అయినా నా అభ్యంతరం ఒకటి ముందే చెప్పదలచుకున్నాను. మధ్యవర్తి ఉభయులకూ సమానుడు కావాలంటే పద్ధతి అందరికీ ఒకటే ఉండాలని నేను నమ్ముతాను. వీరిది ఫలానా కులం, ఫలానా ఊరు, వీరికి ఇలా మాట్లాడాలి అని ముందే ఒక పటం గీసుకుని కూర్చుంటే, మన ఎదుట ఉన్న మనిషి కాక ఆ పటమే మనకు కనిపిస్తుంది.

నేను చూసిన సంగతే చెబుతాను. ఒక ముస్లిం యువతి భరణం విషయమై మధ్యవర్తి ముందుకు వచ్చింది. ఆయన ఆమె పేరు చూడగానే, "మీలో మెహర్ ఇచ్చేస్తే సరిపోతుంది కదా" అన్నారు. మెహర్ అంటే ముస్లిం పెళ్లిలో భర్త భార్యకు ఇవ్వవలసిన సొమ్ము. ఆ దంపతులు పెళ్లి చేసుకున్నది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద. భర్త హిందువు. అక్కడ మెహర్ ప్రసక్తే లేదు. మతం గురించి తనకు తెలుసునన్న ధీమాతో ఆయన ఆమె పెళ్లి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ తరువాత ఆయన ఏది చెప్పినా ఆమె నమ్మలేదు.

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 9వ సెక్షన్ రాజీకి ప్రయత్నించే బాధ్యతను కోర్టు మీదనే పెట్టింది. 13వ సెక్షన్ ప్రకారం అక్కడ న్యాయవాదిని పెట్టుకోవడం కక్షిదారుకు హక్కుగా దక్కదు. మనిషి తన గోడు తానే చెప్పుకోవాలని చట్టం ఉద్దేశం. కాబట్టి మన ఊహలను పక్కన పెట్టి వారిని చెప్పనివ్వడమే ఉత్తమమని నా అభిప్రాయం.

పాడేరు మాస్టారు · మంగళవారం, ఉదయం 6.40

వకీలు గారి హెచ్చరిక సరైనదే. అయితే అందరికీ ఒకే పద్ధతి అన్నప్పుడు ఆ ఒకే పద్ధతి ఎవరి ఇంటి నుంచి వచ్చిందో కూడా చూడాలని నా మనవి.

నేను 30 ఏళ్లకు పైగా ఏజెన్సీ ఊళ్లలో పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత పిల్లల దగ్గర విశాఖలో ఉంటున్నాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గాని, కూలికి, చదువుకు, ఉద్యోగానికి కొండ మీది పిల్లలు నేటికీ ఈ నగరానికే దిగుతారు. వారి కాపురాల్లో కలతలు వచ్చినప్పుడు తెలిసినవాడినని నన్ను వెంట తీసుకువెళ్తుంటారు.

అలా వెళ్లిన ఒక చోట, ఇద్దరూ షెడ్యూల్డు తెగకు చెందిన దంపతులకు మధ్యవర్తి ఎంతో ఓపికగా పరస్పర అంగీకార విడాకుల గురించి వివరించి, హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద అర్జీకి కావలసిన ఒప్పందం అంతా రాయించారు. 1955 నాటి ఆ చట్టం 2వ సెక్షన్ 2వ ఉపసెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప అది షెడ్యూల్డు తెగలకు వర్తించదన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు. ఆ పిల్లలకు వర్తించేది వారి తెగ ఆచారం. ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేయవలసి వస్తే ఊరి పెద్దల సాక్ష్యం కావాలి. ఆ పెద్దలను మేము పిలవనే లేదు.

ఓలి సంగతి ఇంకా సున్నితమైనది. మైదానంలో కట్నం అంటే ఆడపిల్లవారు ఇచ్చేది. కొండ మీద నేనెరిగిన చాలా ఊళ్లలో మగపిల్లవాడి వారే ఓలి ఇచ్చుకుంటారు. ఆమె అతన్ని విడిచి మరొకరితో మనువు కట్టుకుంటే, కొత్తగా కట్టుకున్నవాడు పాతవాడికి ఆ ఓలి సొమ్ము చెల్లించడంతో తగవు తీరుతుంది. ఆ మాట సమావేశంలో ఎత్తినప్పుడు మధ్యవర్తి ముఖంలో కనిపించిన ఏవగింపును ఆ కుర్రవాడు చూశాడు. ఆడదాన్ని కొన్నట్టు మాట్లాడుతున్నారని ఆయన అనుకున్నారు. అదే ఊళ్లో విడిచిపెట్టి వెళ్లిన ఆడపిల్లను పుట్టింటివారు తిరిగి ఆదరిస్తారని, మారుమనువును తప్పుగా చూడరని ఆయనకు తెలియదు. ఓలి మంచిదని నేను వాదించడం లేదు. ఆమె కూడా దాన్ని మంచిదనలేదు. ఆ సొమ్ము చెల్లితే తప్ప తన ఊళ్లో తనకు విడుదల దొరకదని మాత్రమే ఆమె చెప్పింది. తీర్పు ఇవ్వడానికి రాని మనిషి ముఖంతో తీర్పు ఇచ్చేసిన తరువాత ఆమె ఇంకేమీ చెప్పలేదు.

1996 నాటి పెసా చట్టం, అంటే పంచాయతీల చట్టాన్ని ఏజెన్సీకి విస్తరించిన చట్టం, షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు తమ సంప్రదాయ పద్ధతిలో తగవులు తీర్చుకునే అధికారాన్ని గుర్తించింది. నగరంలో మధ్యవర్తిగా కూర్చునేవారు కనీసం ఊళ్లో ఆ తగవు ఇప్పటికే జరిగిందా, అక్కడ ఏమని తేల్చారు అని అడిగితే బాగుంటుంది.

గాజువాక కౌన్సెలర్ · మంగళవారం, మధ్యాహ్నం 1.25

మాస్టారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. అందులో మీరు అన్న ఒక్క వాక్యం, "ఆమె కూడా దాన్ని మంచిదనలేదు" అన్నది, నాకు చాలా ముఖ్యమైనదిగా తోచింది. ఆచారం ఏమిటో ఎవరి నోట వింటున్నామన్నది నన్ను ఎప్పుడూ వేధించే ప్రశ్న.

మహిళల ఫిర్యాదుల మీద కౌన్సెలింగ్ చేసే పనిలో నేను నిత్యం వినే మాట, "మా ఇళ్లల్లో ఇది మామూలేనండి." ఈ మాట అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ, బాగా చదువుకున్నవారూ అంటారు. కొట్టిన చెయ్యి ఎవరిదో వారే ఈ మాట అంటారు, లేదా అతని తల్లిదండ్రులు అంటారు. దెబ్బ తిన్న మనిషి నోట నేను ఆ మాట విన్నది బహు తక్కువ. వైవిధ్యాన్ని గౌరవించాలని వచ్చిన కొత్త మధ్యవర్తులు కొందరు ఈ మాట వినగానే వెనక్కి తగ్గుతారు. వారి సంస్కృతిలో మనం తలదూర్చకూడదని అనుకుంటారు. అలా తగ్గడం వల్ల నష్టపోయేది ఆ గదిలో అందరికన్నా బలహీనంగా ఉన్న మనిషి.

2005 నాటి గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. కౌన్సెలింగ్‌లో ప్రతివాది తాను చేసిన హింసకు ఏ సమర్థనా చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ సంగతిని కౌన్సెలింగ్ మొదలుకాక ముందే అతనికి తెలియజేయాలి. ఇకపై హింసకు పాల్పడనని హామీ ఇవ్వడం కూడా చూడాలి. నేను ఈ నియమాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మొదట అదే చదివి వినిపిస్తాను. కులం, మతం, ఊరు ఏదైనా ఈ ఒక్క గీత దగ్గర మాత్రం నేను వకీలు గారి పక్షమే: పద్ధతి అందరికీ ఒకటే.

ఆ గీతకు ఇవతల ఉన్న సంగతుల్లో మాత్రం, అంటే ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏ భాషలో మాట్లాడాలి, ఎవరి ముందు నోరు విప్పగలరు అన్నవాటిలో, ఎంత వంగినా తప్పు లేదని నా అనుభవం. కొంగు తల మీదికి లాక్కుని మామగారి ముందు నిలబడే అలవాటున్న కోడలిని ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, "ధైర్యంగా చెప్పమ్మా" అంటే ఆమె ఏం చెబుతుంది? అందుకే ఉమ్మడి సమావేశానికి ముందు విడివిడిగా మాట్లాడకుండా నేను ఏ కేసూ మొదలుపెట్టను.

వన్‌టౌన్ పెద్దమనిషి · మంగళవారం, సాయంత్రం 5.50

అస్సలాము అలైకుం, నమస్కారం. వకీలు సాబ్ చెప్పిన అమ్మాయి సంగతి చదివి బాధ కలిగింది. మా ఇళ్ల సంగతులు మాకన్నా బాగా తెలుసునని మాట్లాడేవారు రెండు రకాలు. కొందరు బయటివారు, కొందరు మాలోనివారు.

రాజీ అన్నది మాకు బయటి నుంచి వచ్చిన పద్ధతి కాదని అందరూ గమనించాలి. ఖురాన్‌లో నిసా అధ్యాయం 35వ వాక్యం భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందని భయం కలిగితే, అతని వారిలో నుంచి ఒకరిని, ఆమె వారిలో నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమని చెబుతున్నది. 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు కూడా, తలాక్‌కు సరైన కారణం ఉండాలని, అంతకుముందు ఇరువైపుల మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం జరిగి ఉండాలని చెప్పింది. ఒక్క ఊపున మూడుసార్లు చెప్పే తలాక్‌ను 2017లో కోర్టు కొట్టివేసింది, 2019లో చట్టం దాన్ని నేరం చేసింది. ఇవన్నీ తెలిసిన మధ్యవర్తి మా అబ్బాయిలతో, "మీ గ్రంథం చెప్పిన ఆ ఇద్దరు మధ్యవర్తులు మీ కేసులో ఎవరయ్యా?" అని అడిగితే వాళ్లు జవాబు లేక తల దించుకోవడం నేను చూశాను. ఆ ప్రశ్న వారికి పరాయి ప్రశ్నగా అనిపించలేదు.

ఆమె తరఫు మధ్యవర్తి అన్నచోట మాత్రం చిక్కు ఉన్నది. ఆ మనిషిని ఆమె తండ్రో అన్నో ఎంచుతారు, ఆమె ఎంచదు. మా వీధిలో ఒక కేసులో ఆమె తన పిన్నిని కోరింది. ఆడమనిషి మధ్యవర్తి ఏమిటని రెండు రోజులు వాదన జరిగింది. చివరికి పిన్నిగారే కూర్చున్నారు. మెహర్ బాకీ, పెళ్లినాటి బంగారం, పాప బడి ఫీజు, ఈ మూడూ మగవారెవరూ ఎత్తని విషయాలు. ఆమె వాటినే ముందు ఎత్తారు.

జాలరిపేట లా విద్యార్థిని · మంగళవారం, రాత్రి 11.15

పెద్దలందరికీ నమస్కారాలు. నేను ఇంకా చదువుకుంటున్నాను కాబట్టి అనుభవం తక్కువ. మా అమ్మ, అమ్మమ్మ చేపల గంప మోసినవారు కాబట్టి ఈ ఒక్క విషయంలో మాట్లాడే ధైర్యం చేస్తున్నాను.

మా పేటలో ఒక అక్క కేసులో మధ్యవర్తి మొదటి ప్రశ్నగా భర్తను ఆదాయం ఎంత అని అడిగారు. ఆమెను, "నీకు నెలకు ఇంటి ఖర్చుకు ఎంత కావాలి" అని అడిగారు. ఇంటికి డబ్బు తెచ్చేది భర్త, ఖర్చు పెట్టేది భార్య అన్నది ఆయన మనసులోని లెక్క. మా ఇళ్లల్లో మగవాళ్లు వేట చేస్తారు, అమ్మకం ఆడవాళ్లది. హార్బరులో వేలం పాట పాడి సరుకు కొనేది, వడ్డీకి అప్పు తెచ్చేది, ఎవరికి ఎంత బాకీ ఉన్నదో గుర్తు పెట్టుకునేది ఆమె. వల కొనడానికి ఆమె తన పేరున తెచ్చిన అప్పు ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు. భర్త నెలకు ఇంత ఇవ్వాలి అని రాసి సంతకాలు చేయించారు. వడ్డీ ఆమె మీదే ఉండిపోయింది.

భరణం నెలకు ఇంత అన్నది కూడా మాకు కుదిరే మాట కాదు. ఈ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ ఇంట్లో చేతికి డబ్బు రాదు. సోనాబోటు అనే మరపడవ మీద పనికి వెళ్లిన కళాసీ రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాడు. వాయిదాకు రాలేదంటే లెక్కలేనితనమని రాసుకుంటారు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో 120 రోజుల గడువు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో 60 రోజులు అని రాసి ఉంది. ఏ నెలలో మొదలుపెడుతున్నామో చూసుకుంటే ఆ గడువు మావాళ్లకు చాలుతుంది, చూసుకోకపోతే చాలదు. నిషేధ కాలంలో మనుషులు ఊళ్లోనే ఉంటారు గనుక మాట్లాడుకోవడానికి అదే మంచి సమయం. డబ్బు కట్టడం మొదలుపెట్టడానికి అంతకన్నా చెడ్డ సమయం లేదు.

డాబాగార్డెన్స్ వకీలు · బుధవారం, ఉదయం 8.05

అమ్మా, నీ లేఖ చదివాక నా మొదటి మాటను కొంత సవరించుకోవలసి వస్తున్నది. అడిగే ప్రశ్న అందరికీ ఒకటే అయినా, ఆ ప్రశ్నలోనే ఒక రకం సంసారం దాగి ఉండవచ్చునని నేను ఆలోచించలేదు.

ఇక్కడ ఒక ప్రతిపాదన పెడతాను. అదే 2023 చట్టంలో సముదాయ మధ్యవర్తిత్వం అని ఒక అధ్యాయం ఉంది. ఒక ప్రాంతంలోని నివాసుల మధ్య, కుటుంబాల మధ్య శాంతికి భంగం కలిగించగల వివాదాలను ఉభయుల ముందస్తు అంగీకారంతో ముగ్గురు మధ్యవర్తుల ముందు పెట్టవచ్చు. స్థానికంగా గౌరవం ఉన్నవారిని, నివాసుల సంఘాల ప్రతినిధులను, మహిళలను జాబితాలోకి తీసుకునే వీలుంది. జాలరిపేట కేసులో పేట పెద్ద ఒకరు, ఏజెన్సీ కేసులో ఆ తెగ పెద్ద ఒకరు మధ్యవర్తి పక్కన కూర్చుంటే ఈ పొరపాట్లు తొంబై పాళ్లు తప్పుతాయి కదా?

జాలరిపేట లా విద్యార్థిని · బుధవారం, ఉదయం 8.40

సార్, క్షమించండి, నేను ఒప్పుకోలేను. నేను చెప్పిన ఆ అక్క కోర్టుకు వచ్చిందే పేట పెద్దల నుంచి తప్పించుకోవడానికి. మొదట కుల పంచాయితీ జరిగింది. భర్తకు వరుసకు పెదనాన్న అయ్యే ఆయనే అక్కడ పెద్ద. నగరంలో ఎవరో తెలియని మనిషి ముందు తన మాట చెప్పుకోవచ్చునని ఆమె వచ్చింది. తలుపు తీయగానే ఆ పెదనాన్నగారే కుర్చీలో కనిపిస్తే ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. మా సంగతులు తెలిసిన మనిషి కావాలి గాని, మా చుట్టం అక్కరలేదు.

గాజువాక కౌన్సెలర్ · బుధవారం, ఉదయం 11.30

విద్యార్థిని చెప్పినది అక్షరాలా నిజం. దానికి తోడు చట్టపరమైన సంగతి ఒకటి ఉన్నది. సముదాయ మధ్యవర్తిత్వంలో కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీలాగా అమలుకు నోచుకోదని ఆ అధ్యాయమే చెబుతున్నది. ఇరుగుపొరుగు తగాదాకు అది చాలు. నెలనెలా అందవలసిన భరణానికి, పిల్లల కస్టడీకి అది చాలదు. అతను మూడో నెల నుంచి ఇవ్వడం మానేస్తే ఆమె ఎవరిని అడగాలి?

పాడేరు మాస్టారు · బుధవారం, సాయంత్రం 4.15

పెద్దను పక్కన కూర్చోబెట్టడం వేరు, పెద్దను అడిగి తెలుసుకోవడం వేరు. నేను వెళ్లిన కేసుల్లో బాగా నడిచినవి రెండో రకమే. ఆచారం ఏమిటో నన్ను గది బయట అడిగారు, రాసుకున్నారు, కేసులోని మనుషుల గురించి నాకు ఒక్క మాటా చెప్పలేదు. ఆ తరువాత లోపల ఆ ఇద్దరినీ, "మీ వైపు ఇలా ఉంటుందని విన్నాను, మీ ఇంట్లో కూడా అంతేనా?" అని అడిగారు. ఆ కుర్రవాడు, "మా నాన్నల కాలంలో అంతేనండి, మేము చర్చిలో చేసుకున్నాము" అన్నాడు. నేను చెప్పిన ఆచారం అక్కడ పనికి రాలేదు, పనికి రాలేదన్న సంగతి మాత్రం బయటపడింది.

చేతిభాష · బుధవారం, రాత్రి 8.20

నేను సంకేత భాష దుబాసీని. ఈ చర్చలో భాష గురించి ఇంత మాట్లాడుకుంటున్నారు కాబట్టి నోటితో మాట్లాడని భాష గురించి కూడా రాయాలని అనిపించింది.

పుట్టుకతో వినికిడి లేని భార్యాభర్తల తగాదాల్లో దుబాసీగా ఎవరు కూర్చుంటారో ఊహించండి. చాలాసార్లు భర్త చెల్లెలో, భార్య అన్నో కూర్చుంటారు. ఒక్కోసారి వినికిడి ఉన్న వారి సొంత పిల్లవాడినే కూర్చోబెడతారు. తొమ్మిదేళ్ల పాప చేత, "నాన్న నన్ను కొట్టాడని చెప్పు" అని అమ్మ సైగ చేస్తే ఆ పాప ఆ మాటను నోటితో పలకడం నేను కళ్లారా చూశాను. ఆ రోజు నేను వేరే పని మీద అక్కడికి వెళ్లాను. ఆ తరువాత ఆ పని మీదనే వెళ్లడం మొదలుపెట్టాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్, వైకల్యం ఉన్నవారు వివక్ష లేకుండా న్యాయాన్ని పొందేలా చూసే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. దుబాసీని అడగడం దయ కోరడం కాదు. మధ్యవర్తులకు నా విన్నపాలు చిన్నవే. మీరు మాట్లాడేటప్పుడు నా వైపు కాక ఆమె వైపు చూడండి. వెలుతురు నా ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి, కిటికీకి నా వీపు పెట్టి కూర్చుంటే నా చేతులు ఆమెకు నీడలాగా కనిపిస్తాయి. మామూలుగా గంటలో ముగిసే సమావేశానికి రెండు గంటలు కేటాయించండి. "రాజీ", "హక్కు వదులుకోవడం", "పరస్పర అంగీకారం" వంటి మాటలకు చాలామందికి తెలిసిన సైగ ఉండదు, వాటిని చిన్న చిన్న ఉదాహరణలుగా విప్పి చెప్పవలసి ఉంటుంది. ఆమె తల ఊపితే అర్థమైందని అనుకోకండి. "ఇప్పుడు మీరు ఒప్పుకున్నది ఏమిటో మీరే నాకు చెప్పండి" అని అడగండి. ఇంకొకటి, గోప్యత పాటిస్తానని దుబాసీ చేత కూడా సంతకం తీసుకోండి. వినికిడి లేనివారి లోకం చాలా చిన్నది. ఒకరి ఇంటి గుట్టు బయటికి వస్తే వారు తలదాచుకోవడానికి మరో చోటు ఉండదు.

ఉక్కునగరం విశ్రాంత ఉద్యోగి · బుధవారం, రాత్రి 9.45

తల ఊపడం గురించి చేతిభాష గారు రాసినది వినికిడి ఉన్నవారికీ వర్తిస్తుంది. ఉక్కు కర్మాగారం, నౌకాదళం, పోర్టు, షిప్‌యార్డు మూలంగా ఒడిశా, బీహారు, బెంగాలు, కేరళ కుటుంబాలు ఎన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. వారి పిల్లలు మన పిల్లలను చేసుకుంటున్నారు. మా పక్క క్వార్టర్స్‌లో ఉండే ఒడియా కోడలికి కూరగాయల తెలుగు వచ్చును గాని కన్నీళ్ల తెలుగు రాదు. సమావేశంలో భాష వచ్చునా అని అడిగితే వచ్చునని చెప్పింది, ఎందుకంటే రాదని చెబితే అత్తవారి ముందు చిన్నతనం. ఒప్పంద పత్రం తెలుగులో రాసి చదివి వినిపించారు. ఆమె తల ఊపింది. పాపను వేసవి సెలవుల్లో ఒకసారి మాత్రమే పుట్టింటికి తీసుకువెళ్లవచ్చునని అందులో ఉన్నదని ఆమెకు ఇంటికి వచ్చాక తెలిసింది. భాష వచ్చునా అని కాక, మీరు కలలో ఏ భాషలో మాట్లాడుకుంటారు అని అడిగిన మధ్యవర్తిని ఒకరిని నేను ఎరుగుదును. ఆవిడ దగ్గర ఇలాంటి పొరపాటు జరగడం నేను చూడలేదు.

మద్దిలపాలెం మధ్యవర్తి · గురువారం, రాత్రి 9.30

మూడు రోజులుగా ఈ లేఖలను మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ఇప్పటివరకు మొదటి రోజు నేను నింపే కాగితంలో పేరు, వయసు, మతం, కులం, పెళ్లి తేదీ ఉండేవి. ఇవాళ కూర్చుని కులం, మతం గడులను తీసేశాను. వకీలు గారు చెప్పిన మెహర్ సంగతి చదివాక, ఆ గడి నింపగానే నేను అడగడం మానేస్తున్నానని నాకు అర్థమైంది. వాటి స్థానంలో మీ పెళ్లి ఎలా జరిగింది, ఎక్కడ నమోదైంది, ఈ తగవు ఇంతకుముందు ఎవరి ముందైనా జరిగిందా, అక్కడ ఏం చెప్పారు, ఇంటికి వచ్చే డబ్బు ఎవరెవరి చేతుల మీదుగా వస్తుంది, ఎవరి పేరున అప్పు ఉంది, ఏ నెలల్లో చేతిలో డబ్బు ఉండదు, ఏ వేళకు ఇక్కడికి రాగలరు, ఎవరి ఎదుట మాట్లాడలేరు అన్న ప్రశ్నలు రాసుకున్నాను. మీ ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తారు అన్నది కూడా చేర్చాను. బాబు, అయ్య, నాయన, అబ్బా, డాడీ అన్నవి ఎవరికి ఎవరో మొదటే రాసుకుంటే, నా వల్ల ఆ రోజు జరిగినది మరొకరికి జరగదు.

గాజువాక కౌన్సెలర్ · గురువారం, రాత్రి 10.10

ప్రశ్నలన్నీ బాగున్నాయి. ఒక్కటే మనవి. ఎవరి ఎదుట మాట్లాడలేరు అన్న ప్రశ్నను ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టి అడగకండి, కాగితం మీద రాయించకండి. ఆ కాగితం ఇంటికి వెళ్తే అతను చదువుతాడు. విడిగా, నోటితో అడగండి. జవాబును మీ నోటు పుస్తకంలో కూడా రాసుకోకండి.

వన్‌టౌన్ పెద్దమనిషి · గురువారం, రాత్రి 10.35

మధ్యవర్తి గారూ, వేళ గురించి అడుగుతున్నారు కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం నమాజు, రంజాన్‌లో ఇఫ్తారు వేళ కూడా గుర్తుంచుకోండి. ఆ పిన్నిగారు మళ్లీ అలాంటి కేసులో కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నారు. శిక్షణ ఎక్కడ ఇస్తారో ఆవిడ అడుగుతున్నారు.

మద్దిలపాలెం మధ్యవర్తి · శుక్రవారం, రాత్రి 7.50

కౌన్సెలర్ గారూ, ఆ ప్రశ్నను కాగితం నుంచి తీసేశాను. పెద్దాయనా, పిన్నిగారిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో అడగమని చెప్పండి. 15100కు ఫోన్ చేసినా ఎవరిని కలవాలో చెబుతారు.

మొదట రాసిన కేసు గురించి ఒక్క మాట. ఈ రోజు ఆ అమ్మాయి తండ్రిని పిలిపించాను. ఆయన కుర్చీలో కూర్చోవడానికి ఇష్టపడక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేనూ లేచి నిలబడి మాట్లాడాను. అప్పు ఎంతో, ఎవరి దగ్గర తెచ్చారో, ఎంత తీరిందో ఆయన ఒక చిన్న పాత పుస్తకంలో రాసుకుని తెచ్చారు. అల్లుడు ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తన పెళ్లికి చేసిన అప్పు ఇంకా ఉన్నదని అతనికి ఈ రోజు వరకు తెలియదు. వచ్చే సమావేశానికి అతని తల్లిదండ్రులను కూడా తీసుకువస్తానన్నాడు. ఆ అమ్మాయి తల్లిని తప్పకుండా పిలవమని, ఆ రోజు ఆమెను అన్న మాటకు తన తల్లి చేత జవాబు చెప్పిస్తానని అతనే అడిగాడు.